పోకర్ టేబుల్ మూతపడింది, మేకప్ మాత్రం మిగిలింది

ప్రశ్న: నా వయసు 28. మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో రెండేళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశాను. అక్కడే పోకర్ అనే పేకాట నేర్చుకున్నాను. బాగా పట్టు దొరికాక ఉద్యోగం వదిలేశాను. తెలంగాణలో, ఆంధ్రాలో డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటానికి లేదు కాబట్టి బెంగళూరు వెళ్ళి, నాలుగేళ్ళు టోర్నమెంట్లే ఆడి బతికాను. బై-ఇన్‌లు, అంటే టోర్నమెంట్లలో చేరడానికి కట్టే డబ్బు, ఒక స్టేబుల్ వాళ్ళు (ఆటగాళ్ళకు డబ్బు పెట్టే బృందం) పెట్టేవారు, లాభం చెరి సగం. 2025 ఆగస్టులో కొత్త చట్టం రాగానే మన సైట్లన్నీ డబ్బు ఆటలు ఆపేశాయి. అప్పటికి నా మేకప్, అంటే వాళ్ళ డబ్బులో నేను పోగొట్టింది, 6 లక్షలు ఉంది. ‘వీపీఎన్ (మనం ఉన్న చోటు దాచే సాఫ్ట్‌వేర్) పెట్టుకుని విదేశీ సైట్లలో ఆడి తీర్చు’ అని స్టేబుల్ వాళ్ళు అంటున్నారు. ఒక ఫ్రెండ్ గోవా లైవ్ టోర్నమెంట్లకు రమ్మంటున్నాడు. ఇంకొకడు ఈస్పోర్ట్స్‌కు, అంటే వీడియో గేమ్ పోటీలకు, గుర్తింపు వచ్చింది కదా, హార్త్‌స్టోన్, మ్యాజిక్ లాంటి కార్డ్ గేమ్‌లకు మారిపొమ్మంటున్నాడు. ఆ చట్టం మీద సుప్రీంకోర్టులో ఉన్న కేసు గెలిస్తే పాత రోజులు తిరిగొస్తాయని నా ఆశ. ఇంట్లో మాత్రం ‘గేమింగ్ కంపెనీలో ఉద్యోగం’ అని చెప్పాను. రెండేళ్ళుగా ఇన్‌కంటాక్స్ రిటర్న్ వేయలేదు. ఇప్పుడు నాన్న సంబంధాలు చూస్తున్నారు. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
- పేరు రాయవద్దు

సమాధానం:

మీ ఉత్తరంలో ఐదారు ప్రశ్నలున్నాయి. వాటిలో వెంటనే తేల్చాల్సింది వీపీఎన్ సంగతి. అది వద్దు. ఇప్పటికే ఖాతా తెరిచి ఉంటే ఇక డబ్బు వేయకండి, ఉన్నది బయటకు తీసుకునే ప్రయత్నం చేయండి.

ఎందుకు వద్దంటున్నానో చెప్పాలంటే 2011లో అమెరికాలో జరిగింది చెప్పాలి. ఆ ఏడాది ఏప్రిల్ 15న అక్కడి న్యాయశాఖ పోకర్‌స్టార్స్, ఫుల్ టిల్ట్, అబ్సల్యూట్ పోకర్ సైట్ల మీద కేసులు పెట్టి డొమైన్లు స్వాధీనం చేసుకుంది. పోకర్ ఆడేవాళ్ళు ఇప్పటికీ ఆ రోజును బ్లాక్ ఫ్రైడే అంటారు. పోకర్‌స్టార్స్ తన ఆటగాళ్ళ డబ్బు కొద్ది వారాల్లోనే తిరిగి ఇచ్చేసింది. ఫుల్ టిల్ట్ దగ్గర ఇవ్వడానికి డబ్బు లేదు. ప్రపంచం మొత్తం మీద ఆటగాళ్ళకు ఇవ్వాల్సింది సుమారు 39 కోట్ల డాలర్లయితే, బ్యాంకులో ఉన్నది సుమారు 6 కోట్ల డాలర్లని ప్రభుత్వం కోర్టులో చెప్పింది. పేరున్న పోకర్ ఆటగాళ్ళే దానికి యజమానులు. అందరూ నమ్మిన సైటు అది. అమెరికా ఆటగాళ్ళకు తమ డబ్బు అందడం మొదలయింది 2014 ఫిబ్రవరిలో. అంటే దాదాపు మూడేళ్ళు. అదీ పోకర్‌స్టార్స్ ముందుకొచ్చి ఆ కంపెనీని కొని, ప్రభుత్వంతో సెటిల్మెంట్ చేసుకుంది కాబట్టి వచ్చింది.

మీరు ఆడబోయే సైట్ విషయంలో అలాంటి సెటిల్మెంట్ ఎవరు చేస్తారు? మీరు ఉన్న చోటు దాచి ఖాతా తెరిచారు. ఆ ఒక్క కారణం చాలు, పెద్ద మొత్తం గెలిచిన రోజున ‘నిబంధనలు ఉల్లంఘించారు’ అని బ్యాలెన్స్ ఆపేయడానికి. ఓడినంత కాలం మాత్రం మీ అడ్రస్ ఎవరూ అడగరు. గెలిచి, వాళ్ళు డబ్బు ఇచ్చారనే అనుకుందాం. అది క్రిప్టో రూపంలో వస్తుంది. దాన్ని రూపాయలుగా మార్చుకోవడానికి ముక్కూ మొహం తెలియని మనిషికి అమ్ముతారు. అతను మీ ఖాతాలో వేసిన డబ్బు ఏదైనా సైబర్ మోసంలోనిదైతే, పోలీసులు ఆ డబ్బు జాడ పట్టుకుని మీ ఖాతా ఫ్రీజ్ చేయిస్తారు. అప్పుడు ఏ రాష్ట్రం పోలీస్ స్టేషన్‌కు వెళ్ళి, ఏ ఆట ఆడి సంపాదించానని చెబుతారు?

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 2025 కేంద్ర చట్టం ఆటగాడికి శిక్ష వేయదు. ఆటలు నడిపేవాళ్ళకు మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనలు ఇచ్చేవాళ్ళకు, డబ్బు చేరవేసేవాళ్ళకు కూడా శిక్షలున్నాయి. ‘ఆడేవాళ్ళకేం కాదులే’ అనే మాట అక్కడి నుంచే పుట్టింది. కానీ మీరు సొంతూరు వచ్చి కూర్చుంటే ఆంధ్రప్రదేశ్ చట్టం కూడా వర్తిస్తుంది. 2020 సవరణ తర్వాత అక్కడ ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడటం ఆటగాడికి కూడా నేరమే. తెలంగాణ ఈ దారిలో 2017లోనే వెళ్ళింది. మీ స్టేబుల్ వాళ్ళు ఆడమంటున్నది మీ పేరు మీద, మీ పాన్ మీద, మీ బ్యాంకు ఖాతా మీద. వాళ్ళ పేరు ఎక్కడా ఉండదు.

ఇక మేకప్. మీకు ఎక్కువ టెన్షన్ ఇస్తున్నది ఇదేనని అర్థమైంది. తెలియని పాఠకుల కోసం కొంచెం వివరంగా చెబుతాను. స్టేబుల్ అంటే ఆటగాళ్ళకు బై-ఇన్ డబ్బు పెట్టే బృందం. ఆటగాడు పోగొట్టిన మొత్తం అతని లెక్కలో మేకప్‌గా పేరుకుంటుంది. తర్వాత గెలిచినప్పుడు ముందు ఆ మొత్తం తీరాలి. ఆ పైన వచ్చిందే లాభం, దాన్నే పంచుకుంటారు. మీ లెక్క ప్రకారం రేపు మీరు 5 లక్షలు గెలిచినా చేతికి రూపాయి రాదు. 8 లక్షలు గెలిస్తే 6 పోగా మిగిలిన రెండింటిలో సగం, అంటే ఒక్క లక్ష. ఆ ఎనిమిది గెలవడానికి ఎన్ని నెలలు పడుతుందో మీకే తెలియదు. టోర్నమెంట్లలో ప్రైజ్ మనీలో పెద్ద వాటా మొదటి రెండు మూడు స్థానాల్లోనే ఉంటుంది కాబట్టి, బాగా ఆడేవాడు కూడా నెలల తరబడి డౌన్‌స్వింగ్‌లో, అంటే వరుస నష్టాల్లో, ఉండటం మామూలే. ఆ నెలల ఇంటద్దె, తిండి ఖర్చు మాత్రం మీవి. మేకప్ లోతుగా ఉన్న ఆటగాడు ఇతరుల కోసం ఉచితంగా పనిచేస్తున్నట్టే. మీరు వీపీఎన్ పెట్టుకుని తీసుకోబోయే రిస్క్ అంతా దానికోసమే.

అందుకే ముందు ఒప్పందం కాగితం తీసి చదవండి. కాగితం లేకపోతే వాట్సాప్ మెసేజ్‌లు, షీట్లు అన్నీ ఒకచోట పెట్టండి. మామూలుగా ఈ ఒప్పందాల్లో మేకప్‌ను చేతి అప్పుగా రాయరు. డబ్బు పెట్టినవాడు నష్టాన్ని కూడా ఒప్పుకునే పెడతాడు, అందుకే లాభంలో సగం తీసుకుంటాడు. ఆటగాడు మధ్యలో మానేసి సొంతంగా ఆడుకోవడం మొదలుపెడితే ఏం కట్టాలన్న షరతు ఉండొచ్చు. మీరు మానేయలేదు. ఆటే ఆగిపోయింది. ఈ తేడా గురించి మీ కాగితంలో ఏముందో ఒక లాయర్‌కు చూపించండి. పందెం ఒప్పందాలు చెల్లవని, వాటి మీద దావా వేసి డబ్బు రాబట్టుకోలేరని 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 30వ సెక్షన్ చెబుతోంది. మీ ఒప్పందం దాని కిందికి వస్తుందా రాదా అన్నది వాదించుకోదగ్గ విషయమే, కాబట్టి ఆ ధీమాతో వాళ్ళ ఫోన్లు ఎత్తడం మానేయకండి. కూర్చుని మాట్లాడండి. చట్టం వల్ల ఆట ఆగింది కాబట్టి లెక్క ఇక్కడితో ముగిద్దామని, నా దగ్గర మీ బై-ఇన్ డబ్బు మిగిలి ఉంటే పైసాతో సహా ఇచ్చేస్తానని చెప్పండి. ఇరువైపులా ఏ బాకీ లేదని రాతలో తీసుకోండి. ఆ మేకప్ తీర్చడానికి లోన్ యాప్‌ల దగ్గరికి గాని, మీ అమ్మగారి బంగారం దగ్గరికి గాని వెళ్ళవద్దు. వాళ్ళు ఒప్పుకోకుండా బెదిరిస్తే, ఆ మెసేజ్‌లు దాచుకుని పోలీస్ ఫిర్యాదు సంగతి అదే లాయర్‌తో మాట్లాడండి.

సుప్రీంకోర్టు మీద మీ ఆశ నాకు అర్థమవుతుంది. 1968లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ కె. సత్యనారాయణ కేసులో రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆట అని చెప్పింది ఆ కోర్టే. ఆ కేసు పుట్టింది మన సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పోలీసులు చేసిన దాడిలోంచి. అర్ధ శతాబ్దం పాటు కార్డ్ ఆటల వ్యాపారమంతా ఆ తీర్పు నీడలో నడిచింది. అదే తీర్పు మూడు ముక్కల ఆటను అదృష్టం కింద వేరు చేసింది. రమ్మీ ఆడించి క్లబ్బు లాభం చేసుకుంటుంటే సంగతి వేరని కూడా అంది. ఈ రెండో మాట చాలామందికి గుర్తుండదు. 2025 చట్టం అసలు ఆ చర్చలోకే వెళ్ళలేదు. నైపుణ్యమైనా అదృష్టమైనా, గెలిస్తే డబ్బొస్తుందని డబ్బు కట్టి ఆన్‌లైన్‌లో ఆడే ఆట అయితే చాలు, ఆపేయాలంది. వివిధ హైకోర్టుల్లో దాని మీద పడ్డ కేసులను సుప్రీంకోర్టు తన దగ్గరికి తెచ్చుకుంది.

చట్టాన్ని సవాలు చేసినవాళ్ళు గెలవాలని మీరు కోరుకోండి, తప్పులేదు. కానీ గెలిచినా మీరనుకునే పాత రోజులు రావు. ఒక్కసారి లెక్క వేద్దాం. 2023 అక్టోబర్ నుంచి డిపాజిట్ మొత్తం మీద 28 శాతం జీఎస్టీ వచ్చింది. మీరు వెయ్యి వేస్తే అందులో 219 రూపాయలు పన్ను, ఆటకు మిగిలేది 781. కొన్నాళ్ళు కంపెనీలే బోనస్‌ల రూపంలో ఆ భారం మోశాయి కాబట్టి మీకు అంతగా తెలియలేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆ రేటు 40 శాతం. ఇదే వెయ్యిలో ఆటకు మిగిలేది 714. దాని మీద ప్రతి టోర్నమెంట్‌కూ రేక్, అంటే సైటు తీసుకునే కమీషన్. ఇవన్నీ దాటి గెలిస్తే నికర గెలుపు మీద 30 శాతం టీడీఎస్, పైన సెస్సు. మీరు పక్కవాడికంటే ఎంత బాగా ఆడినా, ఆ మార్జిన్ ఇన్ని కోతలకు తట్టుకునేంత ఉండదు. మీ ఆటలన్నీ నమోదు చేసే ట్రాకర్ సాఫ్ట్‌వేర్‌లో నాలుగేళ్ళ డేటా మీ దగ్గర ఉండే ఉంటుంది. రేక్‌బ్యాక్ (రేక్‌లోంచి సైటు తిరిగిచ్చేది), బోనస్‌లు తీసేసి, టేబుల్ మీద గెలిచింది ఎంతో చూడండి. తర్వాత ఈ పన్నులు దాని మీద వేసి చూడండి. ఆ అంకె చూశాక కోర్టు తీర్పు కోసం ఎదురుచూడాలో లేదో మీకే తెలుస్తుంది.

గోవా లైవ్ టోర్నమెంట్లు కొత్త చట్టం కిందికి రావు, అది నిజం. జీవనోపాధిగా మాత్రం అది ఆన్‌లైన్ కంటే కష్టం. ఆన్‌లైన్‌లో మీరు ఒక్క ఆదివారం పాతిక టోర్నమెంట్లు తెరుస్తారు, లైవ్‌లో రోజుకు ఒకటి. అంటే అదృష్టం సర్దుకోవడానికే ఏళ్ళు పడుతుంది. 50 వేల బై-ఇన్‌తో పది ఆడి, ఒక దాంట్లో 4 లక్షలు గెలిచారనుకోండి. పెట్టింది 5 లక్షలు, నిజానికి మీకు లక్ష నష్టం. పన్ను మాత్రం ఆ గెలుపు మీద లక్ష దాటి పడుతుంది. మిగతా తొమ్మిది బై-ఇన్‌లు, ఫ్లైటు, హోటలు ఏవీ అందులోంచి తీసేయనివ్వరు. ఉద్యోగం చేసుకుంటూ ఏడాదికి ఒకసారి మీ సొంత డబ్బుతో వెళ్ళి ఆడితే నేను అడ్డు చెప్పను.

ఈస్పోర్ట్స్ మాట చెప్పిన స్నేహితుడి ఉద్దేశం మంచిదే. చట్టం నిజంగానే ఈస్పోర్ట్స్‌ను వేరుగా చూసింది. హార్త్‌స్టోన్‌లో 2018 జకార్తా ఆసియా క్రీడల్లో మన దేశానికి కాంస్యం కూడా వచ్చింది, గుజరాత్ కుర్రాడు తీర్థ్ మెహతా తెచ్చాడు. అది ప్రదర్శన పోటీ. తర్వాత చైనాలోని హాంగ్‌జౌ క్రీడల్లో అసలు పతకాల పోటీగా పెట్టారు. ఇంతలో ఆ గేమ్ తయారు చేసిన బ్లిజార్డ్‌కు, చైనాలో నడిపే నెట్‌ఈజ్‌కు ఒప్పందం చెడింది. 2023 జనవరిలో చైనా సర్వర్లు మూతపడ్డాయి. హార్త్‌స్టోన్‌ను క్రీడల జాబితా నుంచే తీసేశారు. ఏళ్ళ తరబడి సాధన చేసిన వాళ్ళ ప్రమేయం అందులో ఏమీ లేదు.

మ్యాజిక్ కథ కూడా దగ్గరిదే. 1996 నుంచి ప్రో టూర్ పేరుతో ప్రొఫెషనల్ పోటీలు నడిపిన ఆట అది. 2018 చివర్లో దాన్ని తయారు చేసే కంపెనీ 32 మంది ఆటగాళ్ళకు ఏడాదికి 75 వేల డాలర్ల కాంట్రాక్టులతో లీగ్ ప్రకటించింది. ఇక కార్డ్ గేమ్ కూడా ఒక కెరీర్ అయిందని అందరూ సంబరపడ్డారు. 2021లోనే ఆ లీగ్‌ను ఎత్తేస్తున్నట్టు చెప్పేశారు. లెజెండ్స్ ఆఫ్ రూన్‌టెర్రా అనే ఇంకో గేమ్‌లో 2024లో కంపెనీ ఉద్యోగులను తగ్గించుకుని, మనుషులు మనుషులతో తలపడే ఆట నుంచి దృష్టి మళ్ళించింది. నేను చెప్పదలచుకున్నది ఇదే. చదరంగం ఏ కంపెనీదీ కాదు. మీరు మారదామనుకుంటున్న ఆటలకు మాత్రం యజమానులున్నారు. వాటిలో ఆటగాడు కౌలు రైతు లాంటివాడు. పంట ఎంత బాగా పండించినా, వచ్చే ఏడు ఆ చేను తన చేతిలో ఉంటుందో లేదో చెప్పలేడు. మీరు ఒకసారి ఆ దెబ్బ తిన్నారు. అదే ఏర్పాటులోకి, ఇంకా తక్కువ డబ్బున్న చోటికి మళ్ళీ ఎందుకు?

పోటీ లేకుండా ఉండలేనంటే బ్రిడ్జ్ నేర్చుకోండి, మనస్ఫూర్తిగా చెబుతున్నాను. అదే 2018 ఆసియా క్రీడల్లో 60 ఏళ్ళ ప్రణబ్ బర్ధన్, 56 ఏళ్ళ శిబ్‌నాథ్ సర్కార్ జంట మన దేశానికి బంగారు పతకం తెచ్చింది. అందులో జీతం రాదు. కానీ పోకర్‌లో మీకు అలవాటైన లెక్క, జ్ఞాపకం, ఎదుటివాడి చేతిలో ఏముందో ఊహించడం, అన్నీ అందులో పనికొస్తాయి. ముప్పై ఏళ్ళ తర్వాత కూడా ఆడుకోవచ్చు.

పన్ను రిటర్న్ ఈ నెలలోనే మొదలుపెట్టండి. గెలుపు అంతా మీ పాన్ మీద నమోదై ఉంటుంది. అందులో సగం స్టేబుల్‌కు వెళ్ళిందని డిపార్ట్‌మెంట్‌కు తెలియదు. అందుకే ఆ లెక్కల షీట్లు, ట్రాన్స్‌ఫర్ల రుజువులు సీఏ ముందు పెట్టాలి. గడువు దాటిన ఏళ్ళకు అప్‌డేటెడ్ రిటర్న్ వేసే వీలుంది. 2025 బడ్జెట్‌లో ఆ వ్యవధిని నాలుగేళ్ళకు పెంచారు. ఆలస్యమైన కొద్దీ అదనపు పన్ను 25 శాతం నుంచి 70 శాతం దాకా పెరుగుతుంది. టీడీఎస్ కట్టయిపోయింది కదా అని ఊరుకోకండి.

ఉద్యోగం విషయంలో మీరు భయపడుతున్నంత లేదు. నాలుగేళ్ళ ఖాళీని ‘ఫ్రీలాన్స్’ అని దాచకండి, ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే బయటపడుతుంది. ప్రొఫెషనల్‌గా పోకర్ ఆడాను, చట్టం మారింది, ఆపేశాను అని ఒక్క వాక్యం రాయండి. అప్పటికి పన్నులు కట్టేసి ఉంటే ఆ మాట తలెత్తుకుని చెప్పగలరు. దాని కింద చేతిపని చూపించాలి. మీ హ్యాండ్ హిస్టరీల (ఆడిన ప్రతి ఆట రికార్డు) డేటా లక్షల వరుసలుంటుంది. పైథాన్‌తో, ఎస్‌క్యూఎల్‌తో దాన్ని విశ్లేషించి ఒక ప్రాజెక్ట్ చేయండి. పేమెంట్ కంపెనీల్లో మోసాలు పట్టే టీమ్‌లు, బ్యాంకుల్లో రిస్క్ అనలిటిక్స్, బీమా రంగం, ఇవి మీకు దగ్గరి పనులు. లెక్కల మీద ఇష్టం గట్టిగా ఉంటే బీమా రిస్క్ లెక్కలు కట్టే యాక్చువరీ పరీక్షల వైపు చూడండి, ఏళ్ళు పట్టే దారి అది. మొదటి జీతం బెంగళూరులో మంచి నెలలో మీరు సంపాదించిన దానికంటే తక్కువే ఉంటుంది. ఆ మంచి నెలను మరిచిపోయి, నాలుగేళ్ళ సగటు తీసి పోల్చుకోండి.

నిద్ర పట్టడం లేదన్నారు. రాత్రంతా టోర్నమెంట్లు ఆడిన అలవాటు కొంత కారణం కావచ్చు. ఇంకో సంగతి మీకు మీరే నిజాయితీగా చూసుకోవాలి. సైట్లు మూతపడ్డాక ఏదో ఒకటి ఆడకపోతే చేతులు ఆగడం లేదా? పోకర్ దొరక్క స్లాట్లు, క్రికెట్ బెట్టింగ్ దాకా వెళ్ళారా? అలా అయితే దానికి సాయం కావాలి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416. తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు తీసుకోరు.

చివరికి నాన్నగారి విషయం. పేకాట వల్ల పొలాలు పోయిన ఇళ్ళు ఆయన కళ్ళారా చూసి ఉంటారు. రమ్మీ యాప్‌లలో పోగొట్టుకుని ప్రాణాలు తీసుకున్న వాళ్ళ వార్తలు రెండు రాష్ట్రాల్లోనూ వచ్చాయి. కాబట్టి ఆయన కోప్పడితే, ‘మీకు తెలియదు నాన్నా, ఇది స్కిల్ గేమ్’ అని మొదలుపెట్టకండి. ఆయన భయానికి కారణం ఉంది. ముందు అమ్మకు చెప్పి ఆమె చేత చెప్పించడం కూడా వద్దు. మీరే వెళ్ళి, ఎదురుగా కూర్చుని చెప్పండి. నాలుగేళ్ళలో ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, బ్యాంకులో ఇప్పుడు ఎంత ఉంది, మేకప్ అంటే ఏమిటి, లాయర్ ఏమన్నాడు, పన్ను ఎంత కట్టాలి, అన్నీ ఒక కాగితం మీద రాసి ఆయన చేతికివ్వండి. అబద్ధం చెప్పినందుకు క్షమించమని అడగండి. ఆయన నాలుగు రోజులు మాట్లాడకపోవచ్చు. సంబంధం కుదిరాక అమ్మాయి తరఫువాళ్ళు బెంగళూరులో వాకబు చేసి కనిపెట్టి, ఆయన్ని నలుగురిలో అడిగితే అది ఇంతకంటే చాలా ఎక్కువ బాధ.

సంబంధాలు ఒక ఆరు నెలలు ఆపమని కూడా అదే రోజు అడగండి. ఈలోగా రిటర్న్‌లు వేయడం, ఉద్యోగం వెతుక్కోవడం, స్టేబుల్ లెక్క తేల్చడం జరగాలి. బాకీ లేదన్న కాగితం చేతికి వచ్చాకే పెళ్ళిచూపులకు ఒప్పుకోండి. ఆ అమ్మాయితో మాట్లాడే అవకాశం వచ్చిన మొదటిసారే, పోకర్ గురించి మీ నోటితోనే చెప్పండి.